ప్రార్థనకు ముందు ఒక బిందె నీళ్ళు

బెంగళూరు నగర్తపేటలో ఒక సందు. కింద బంగారు పని చేసే చిన్న చిన్న కొట్లు, పైన అద్దె గదులు. మెట్లు ఎంత ఇరుకంటే, పైనుంచి ఎవరైనా దిగుతుంటే మనం వెనక్కి దిగి దారి ఇవ్వాలి. ఆ మెట్ల మీదుగా మూడో అంతస్తులోని ఒక గదికి సంఘం తరఫున మేము ముగ్గురం వెళ్ళాం. ఆ గదిలో ఉండేది మా సహవాసానికి వచ్చే ఒక చెల్లి. సొంతూరు అనంతపురం వైపు. ట్రాన్స్ మహిళ. అంతకు నాలుగు రోజుల ముందు ఒక చిన్న నర్సింగ్‌హోంలో రొమ్ముల్లో సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టించుకునే ఆపరేషన్ చేయించుకుంది. ఆ సంగతి తెలిసే వెళ్ళాం. నిజం ఒప్పుకోవాలి. మేము పరామర్శకు వెళ్ళలేదు, మందలించడానికి వెళ్ళాం.

చాప మీద కూర్చుని బైబిలు తెరిచాం. దేహం దేవుని ఆలయం అంటూ మొదలుపెట్టాం. ఆమె గోడకు దిండ్లు ఆనించుకుని సగం కూర్చుని ఉంది. ఛాతీ చుట్టూ బిగుతైన పట్టీ. రెండు చేతులూ పక్కలకు అతికించినట్టు పెట్టుకుంది. మేము చెప్పిందంతా విని నెమ్మదిగా అంది: "అయ్యగారూ, ప్రార్థన తర్వాత చేద్దురుగాని, కింద కొళాయి నుంచి ఒక బిందె నీళ్ళు తెచ్చిపెడతారా? మొన్న నేనే ఒకసారి మోసుకొచ్చుకున్నాను. ఇక చేతకావడం లేదు."

బైబిలు మూసి బిందె తీసుకుని దిగాం. మూడు అంతస్తులు ఎక్కి వచ్చేసరికి మా దగ్గర చెప్పడానికి ప్రసంగం మిగల్లేదు.

ఈ విషయం మీద మన సంఘాల్లో, మన యూట్యూబ్ ప్రసంగాల్లో ఎంతో మాట్లాడుతున్నారు. అందం పిచ్చి అంటారు, పాశ్చాత్య సంస్కృతి అంటారు, సృష్టికర్తను సరిదిద్దే అహంకారం అంటారు. ఆపరేషన్‌కు ముందు ఆ మనిషి ఏ పరీక్షలు చేయించుకోవాలి, ఎవరిని ఏమని అడగాలి, తర్వాత ఆరు వారాలు ఎవరు వండిపెట్టాలి, ఎవరు నీళ్ళు మోయాలి అన్నది మాత్రం ఒక్కరూ మాట్లాడరు. తీర్పు చెప్పే హక్కు మనకుందో లేదో తర్వాత చూద్దాం. మోయాల్సిన బాధ్యత మాత్రం మనదే. దాన్ని మనం ఎగ్గొడుతున్నాం. ఈ వ్యాసంలో మా వాదన ఇదే.

ఒకే గాయం, మూడు తీర్పులు

ఈ ఆపరేషన్ చేయించుకునేవారు అందరూ ఒకరు కాదు. రొమ్ము క్యాన్సర్‌తో రొమ్ము తీసేయించుకుని, మళ్ళీ ఆ ఆకారం కోసం ఇంప్లాంట్ పెట్టించుకునే అక్కలు ఉన్నారు. వాళ్ళను చూసి మనం "పాపం" అంటాం. సినిమాల్లో, టీవీలో ఉద్యోగం నిలుపుకోవడానికి చేయించుకునే అమ్మాయిలు ఉన్నారు. వాళ్ళ గురించి గుసగుసలాడుకుంటాం. తన మనసులో ఉన్న స్త్రీకి తగ్గ శరీరం కావాలని చేయించుకునే ట్రాన్స్ మహిళలు ఉన్నారు. వాళ్ళను "పాపి" అంటాం.

కత్తి మాత్రం ముగ్గురికీ ఒకేలా తెగుతుంది. కోత పెట్టేది రొమ్ము కింద మడతలోనో, చంకలోనో. ఇంప్లాంట్ కూర్చునేది చర్మం కిందనో, ఛాతీ కండరం కిందనో. మత్తు ఒకటే, నొప్పి ఒకటే, రాత్రి పక్కకు తిరిగి పడుకోలేకపోవడం ఒకటే. ముగ్గురిలో ఒకరికి గంజి పంపి, ఒకరి గురించి చాడీలు చెప్పి, ఒకరి ముందు బైబిలు తెరిచి కూర్చునే సంఘం ఏ సువార్తను ప్రకటిస్తున్నట్టు?

నగర్తపేటలో ఉండేవారికి ఇంకో సంగతి తెలుసు. ధర్మరాయస్వామి గుడి ఇక్కడే. ఏటా చైత్ర పౌర్ణమికి కరగ ఉత్సవంలో పూజారి గాజులు, తాళి ధరించి, స్త్రీ వేషంలో ద్రౌపదిగా నడుస్తాడు. రాత్రంతా ఈ సందులు మల్లెపూలతో నిండిపోతాయి. మన విశ్వాసం వేరు, ఆ మాట వేరుగా చెప్పనక్కర్లేదు. కానీ ఒక్క రాత్రి స్త్రీ రూపం దాల్చిన పురుషుడిపై పూలు చల్లే వీధిలోనే, మా చెల్లి కూరగాయలకు దిగితే వెనక ఈలలు వినిపిస్తాయి. ఇక మన సంగతి. మన మందిరంలో ఆమెకు చివరి వరుస, అదీ చెప్పుల పక్కన. పూలూ లేవు, కుర్చీ కూడా లేదు.

ఆపరేషన్‌కు ముందు: అడగాల్సిన ప్రశ్నలు

మా చెల్లి లక్షన్నర అప్పు చేసింది. మెళ్ళో గొలుసు తాకట్టు పెట్టింది. మిగిలింది నెలకు నూటికి ఐదు వడ్డీకి తెచ్చింది. ఆ నర్సింగ్‌హోంలో ఆమెతో ఎవరైనా మాట్లాడిన సమయం మొత్తం కలిపితే పదిహేను నిమిషాలు. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. ఆమె చదువు తెలుగులో ఏడో తరగతి.

ఇలాంటి ఆపరేషన్‌కు ముందు ఏం జరగాలో, మా మధ్య ఉన్న వైద్యులను, నర్సు అక్కలను అడిగి తెలుసుకున్నాం. సంఘ నాయకులు ఇది చదివి దాచుకోండి.

మొదటిది, చేసేది ఎవరు? ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డీఎన్‌బీ చేసిన వైద్యులా, లేక బోర్డు మీద "కాస్మెటిక్" అని రాసుకున్న ఇంకెవరైనానా? మత్తు డాక్టర్ ఎవరు? ఆపరేషన్ మధ్యలో ఊపిరి ఆగితే ఆదుకునే ఐసీయూ అక్కడే ఉందా? కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం ప్రకారం ప్రతి ఆసుపత్రీ రిజిస్టర్ కావాలి, చికిత్సల ధరలు కనిపించేలా పెట్టాలి. ఆ రిజిస్ట్రేషన్ చూపించమని అడగడం గొడవ కాదు, హక్కు.

రెండోది, పరీక్షలు. రక్తంలో హిమోగ్లోబిన్, షుగర్, బీపీ, ఈసీజీ, వయసును బట్టి రొమ్ముకు స్కానింగో మామోగ్రామో. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎంత మామూలో చెప్పక్కర్లేదు. రక్తం తక్కువగా ఉన్న మనిషిని బల్ల మీద పడుకోబెట్టడం ప్రమాదం.

మూడోది, దాచకుండా చెప్పడం. వాడే ప్రతి మందూ చెప్పాలి. ఆస్పిరిన్ లాంటి మాత్రలు, కొన్ని నాటు మందులు రక్తస్రావం పెంచుతాయి. చాలామంది ట్రాన్స్ మహిళలు డాక్టరును కలిసే ధైర్యం, డబ్బూ లేక, మెడికల్ షాపులో గర్భనిరోధక మాత్రలు కొనుక్కుని హార్మోన్ల కోసం మింగుతుంటారు. వాటిలోని ఈస్ట్రోజెన్ రక్తనాళాల్లో గడ్డలు కట్టే ప్రమాదాన్ని పెంచుతుంది. ఆ మాట డాక్టరుకు చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది. మా చెల్లి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే తిడతారని. ఆమెను జీవితమంతా తిట్టినవాళ్ళలో మనమూ ఉన్నాం కనుక, ఆ మౌనంలో మన వాటా కూడా ఉంది. బీడీ, సిగరెట్, గుట్కా కనీసం నాలుగు వారాల ముందే మానాలి. నికోటిన్ గాయాన్ని మాననివ్వదు.

నాలుగోది, లోపల పెట్టే వస్తువు వివరం. ఏ కంపెనీ, ఏ మోడల్, ఎంత సైజు, సీరియల్ నంబర్ ఎంత అన్నది రాసిన కార్డు రోగి చేతిలో ఉండాలి. పొయ్యి మీద పెట్టే కుక్కర్‌కు గ్యారంటీ కార్డు అడుగుతాం. ఒంట్లో పెట్టించుకునేదానికి అడగకూడదా?

ఐదోది, ఇవి జీవితాంతం ఉండేవి కావన్న నిజం. ఇంప్లాంట్ పగలవచ్చు. చుట్టూ ఒళ్ళు గట్టి పొరలా బిగుసుకుపోయి నొప్పి పుట్టవచ్చు. కొన్నేళ్ళకు తీయడానికో మార్చడానికో మళ్ళీ ఆపరేషన్ అవసరం పడవచ్చు. ఆ రెండో ఆపరేషన్ ఖర్చు మొదటి రోజే లెక్కలో ఉండాలి.

2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చికిత్స స్వభావం, ప్రత్యామ్నాయాలు, ప్రమాదాలు రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే అంగీకారం. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద గీయించుకున్న సంతకం అంగీకారం కాదు.

కోరికను తయారు చేసిన బజారు

"అయితే మీరు ఈ ఆపరేషన్లను ప్రోత్సహిస్తున్నారా?" అని అడుగుతారు. లేదు. అందాన్ని అమ్మే బజారు మీద మాకు ఎలాంటి భ్రమలూ లేవు.

ఈ ఇంప్లాంట్ల చరిత్ర మొదలే చూడండి. 1962లో అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో టిమ్మీ జీన్ లిండ్సీ అనే మహిళకు మొదటిసారి సిలికాన్ ఇంప్లాంట్లు పెట్టారు. ఆమె ఆరుగురు పిల్లల తల్లి, పేదరాలు. ధర్మాసుపత్రికి వెళ్ళింది ఛాతీ మీది పచ్చబొట్టు తీయించుకోవడానికి. రొమ్ములు పెంచమని ఆమె అడగలేదు. డాక్టర్లే అడిగారు. తన చెవులు సరిచేస్తే బాగుంటుందని ఆమె అంది. చెవులూ చేస్తాం, ఇదీ చేస్తాం అన్నారు. అలా కోట్ల డాలర్ల వ్యాపారానికి తొలి ప్రయోగశాల ఒక పేద తల్లి శరీరం.

తర్వాత ఏం జరిగిందో చూడండి. భద్రత మీద సందేహాలతో 1992లో అమెరికాలో సిలికాన్ ఇంప్లాంట్లను అందం కోసం వాడటాన్ని ఆపేశారు. 2006లో మళ్ళీ అనుమతించారు. ఫ్రాన్స్‌లో పిప్ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికాన్ నింపి దేశదేశాలకు అమ్మిందని 2010లో బయటపడింది. అవి పెట్టించుకున్న స్త్రీలు సుమారు 3 లక్షల మంది అని అంచనా. కంపెనీ యజమానికి 2013లో పడిన శిక్ష నాలుగేళ్ళు. 2019లో అలర్గాన్ కంపెనీ గరుకు ఉపరితలం ఉన్న తన ఇంప్లాంట్లను ప్రపంచమంతా వెనక్కి పిలిచింది. అరుదైన ఒక రకం లింఫ్ క్యాన్సర్‌తో వాటికి సంబంధం కనబడటమే కారణం. 2021 అక్టోబరులో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ప్రమాదాలన్నీ రాసిన పట్టికను రోగికి చదివి వినిపించాకే ఇంప్లాంట్లు అమ్మాలని నియమం పెట్టింది. అంటే మొదటి ఆపరేషన్‌కూ ఆ పట్టికకూ మధ్య దాదాపు 60 ఏళ్ళు.

మన దగ్గర కూడా మరణాలు చూశాం. 2022 మే 16న ఇదే బెంగళూరులో కన్నడ టీవీ నటి చేతనా రాజ్ కొవ్వు తీసే ఆపరేషన్ తర్వాత చనిపోయింది. వయసు 21 ఏళ్ళు. తగిన సదుపాయాలు లేకుండా చేశారని తల్లిదండ్రులు ఆరోపించారు. అంతకు ముందు 2015 జూన్‌లో మన తెలుగు తెర మీద పెరిగిన ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే అమెరికాలో కన్నుమూసింది. కొన్ని వారాల ముందే ఆమె కూడా అలాంటి ఆపరేషన్ చేయించుకుంది. ఆ రెండు వార్తలకూ మన ఫేస్‌బుక్‌లో వచ్చిన వ్యాఖ్యల్లో సానుభూతి కంటే "ఆశకు పోయింది" అన్న మాటే ఎక్కువ. ఆ అమ్మాయిలను లావని, సన్నమని, ముసలిదని తూకం వేసినవాళ్ళు ఎవరు? టికెట్ కొన్న మనమే. కొలత పెట్టిందీ మనమే, కొలతకు సరిపోవాలని ప్రాణం పోగొట్టుకున్నదాన్ని నిందించిందీ మనమే.

కాబట్టి బజారును నిలదీద్దాం. కానీ బజారు చేసిన నేరానికి రోగిని శిక్షించడం న్యాయం కాదు. పైగా ట్రాన్స్ మహిళ విషయంలో "అందం పిచ్చి" అన్న మాటే పొసగదు. ఆమె ఎవరి కళ్ళకో అందంగా కనిపించాలని కాదు, అద్దంలో తనను తాను గుర్తుపట్టడానికి అడుగుతోంది. బస్సులో, ఆఫీసులో ఆడమనిషిగా నడవగలిగితే దెబ్బలు తగ్గుతాయని కూడా అడుగుతోంది.

పేదలకు ఎందుకు అని అడిగినవారికి

2018 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం చెన్నై స్టాన్లీ ఆసుపత్రిలో రొమ్ముల ఆపరేషన్లు ఉచితంగా చేస్తామని ప్రకటించింది. అందం కోసం అడిగినా చేస్తామంది. దేశమంతా నవ్వింది. విదేశీ పత్రికలు కూడా వింతగా రాశాయి. పేదలకు ఆ చికిత్స ఎందుకు అందకూడదు, మనం ఇవ్వకపోతే వాళ్ళు అప్పులు చేస్తారు, ప్రమాదకరమైన దారులు పడతారు అన్నది అప్పటి ఆరోగ్యమంత్రి విజయభాస్కర్ వాదన. అంటువ్యాధుల మీద, ప్రాణాలు కాపాడే వైద్యం మీద పెట్టాల్సిన డబ్బు ఇలా పెడతారా అని ప్రజారోగ్య రంగంలో పనిచేసినవారు అడిగారు.

రెండోవారి ప్రశ్నను మేము కొట్టిపారేయం. క్షయ మందులు నిండుకున్న ఆసుపత్రిలో ఇంప్లాంట్ల విభాగం తెరవడం తప్పే. కానీ ఆ ప్రశ్న ఎప్పుడూ పేదవాళ్ళ దగ్గరే ఎందుకు ఆగుతుంది? డబ్బున్నవారు ఐదు నక్షత్రాల ఆసుపత్రిలో చేయించుకుంటే అది వాళ్ళ ఇష్టం. పేదరాలు అడిగితే విలాసం. మా చెల్లి పెట్టిన ప్రతి సంతకం, ప్రతి వడ్డీ రూపాయి ఆ మంత్రి మాట నిజమని చెబుతోంది. ప్రభుత్వం ఇవ్వలేదు, ఆమె మానలేదు, అప్పు చేసి అడ్డదారి పట్టింది.

ట్రాన్స్ వ్యక్తుల విషయంలోనైతే ఇది దయ కాదు, చట్టం. 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు వారి గుర్తింపును హక్కుగా ఒప్పుకుంది. 2019 చట్టంలోని 15వ సెక్షన్ లింగ మార్పిడి ఆపరేషన్లు, హార్మోన్ చికిత్సలతో సహా వైద్య సదుపాయం, బీమా కల్పించే బాధ్యత ప్రభుత్వాల మీద పెట్టింది. 2022 ఆగస్టులో ఆయుష్మాన్ భారత్ టీజీ ప్లస్ పేరుతో ఏడాదికి 5 లక్షల రూపాయల బీమాకు కేంద్రంలో ఒప్పందం కుదిరింది. కాగితం మీద ఇన్ని ఉన్నాయి. నగర్తపేట నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో విక్టోరియా ఆసుపత్రి ఉంది. 1900 నుంచి పేదల ఆసుపత్రి. మా చెల్లికి ఆ కాగితాల గురించి గానీ, ఆ ఆసుపత్రిలో ఎవరిని అడగాలో గానీ ఒక్కరూ చెప్పలేదు. ఆ ఒక్కరు పాస్టర్ అయి ఉండొచ్చు. కాలేదు.

హైదరాబాద్‌లో 2021లో మిత్ర్ క్లినిక్ మొదలైంది. ట్రాన్స్ వ్యక్తులకు తిట్లు లేకుండా వైద్యసలహా దొరికే చోటు. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం సాయం ఆపేయగానే దానికి తాళం పడింది. తర్వాత దాతల సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్ళీ తెరుచుకుంది. ఎక్కడో వాషింగ్టన్‌లో పెట్టిన సంతకంతో మన హైదరాబాద్‌లో ఒక చెల్లి మందు ఆగిపోయిందంటే, మన ప్రభుత్వమూ మన సంఘాలూ ఆ క్లినిక్‌ను ఎంత దూరం పెట్టాయో అర్థమవుతుంది.

ఆరు వారాలు ఎవరు మోస్తారు

ఇక తర్వాతి కథ. మొదటి ఒకటి రెండు రోజులు పక్కన మనిషి తప్పకుండా ఉండాలి. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. చేతులు భుజం పైకి ఎత్తకూడదు. అంటే జడ తానే వేసుకోలేదు, అటక మీది గిన్నె తీయలేదు. బిగుతు పట్టీ వారాల పాటు ఉంచుకోవాలి. డాక్టరు చెప్పేదాకా గాయం తడపకూడదు. మందులు మధ్యలో ఆపకూడదు. మంచం మీదే ఉండిపోకుండా మెల్లగా నడవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. కూర్చుని చేసే ఉద్యోగమైతే వారం పది రోజుల్లో వెళ్ళొచ్చు. ఇళ్ళలో పాచిపని, గార్మెంట్ పని, బస్టాండులో చెయ్యి చాచే బతుకు అయితే ఎన్ని వారాల కూలి పోతుంది? డబ్బున్న ఇంట్లో ఇది విశ్రాంతి. మూడో అంతస్తు గదిలో ఇది ఆకలి.

ప్రమాద సూచనలు కూడా అందరికీ తెలియాలి. జ్వరం, ఒకవైపు రొమ్ము ఉన్నట్టుండి వాచి గట్టిపడటం, ఎర్రబడి వేడెక్కడం, చీము, కుట్లు విడిపోవడం వస్తే అదే రోజు ఆసుపత్రికి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, పిక్క వాచి నొప్పి పుట్టినా ఒక్క నిమిషం ఆగకుండా 108. నగర్తపేట సందుల్లోకి అంబులెన్సు రావడం ఎంత కష్టమో ఇక్కడివారికి తెలుసు. 2025 ఆగస్టు 16న ఇక్కడి ఒక భవనంలో మంటలు లేచి ఐదుగురు చనిపోయారు. కింద సరుకు, పైన సంసారం. ఇలాంటి ఇళ్ళలో కోలుకునే మనిషిని మెయిన్ రోడ్డు దాకా ఎవరు దింపుతారో ముందే అనుకుని ఉండాలి.

మా చెల్లికి పదో రోజున ఎడమవైపు వాచింది. జ్వరం. నర్సింగ్‌హోంకు ఫోన్ చేస్తే నొప్పి మాత్ర వేసుకోమన్నారు. మమ్మల్ని అడగడానికి సిగ్గుపడి రెండు రోజులు ఓర్చుకుంది. పన్నెండో రోజు మా స్త్రీల సమాజం అక్కలు ఇద్దరు ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. లోపల రక్తం చేరి గడ్డకట్టి చీము పట్టిందన్నారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "బరువులేమైనా ఎత్తావా?" రెండో ప్రశ్న: "ఏ కంపెనీ ఇంప్లాంట్? కార్డు ఏది?" కార్డు లేదు. మొదటి ప్రశ్నకు ఆమె జవాబు చెప్పకుండా మా అక్కల వైపు చూసింది. ఎడమవైపు ఇంప్లాంట్ తీసేశారు. మళ్ళీ పెట్టాలంటే నెలలు ఆగాలి, మళ్ళీ డబ్బు కావాలి. ఇప్పుడు ఆమె ఒకవైపు ఖాళీతో, పూర్తి వడ్డీతో బతుకుతోంది. ఆ బిందె వల్లే ఇలా అయిందని మేము తేల్చి చెప్పలేం. ఆ బిందె ఆమె మోయాల్సింది కాదని మాత్రం చెప్పగలం.

మనకు ముందే తెలిసిన దారి

ఆపరేషన్ తర్వాత మనిషిని మోయడం సంఘానికి కొత్త కాదు. వేలూరు సీఎంసీకి 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల ముడుచుకుపోయిన చేతులు సరిచేశాడు. అక్కడితో ఆగలేదు. వాళ్ళకు కనుబొమ్మలు నాటాడు, అణిగిపోయిన ముక్కులు నిలబెట్టాడు. కనుబొమ్మ లేకపోతే మనిషి చచ్చిపోడు. కానీ కనుబొమ్మ లేని ముఖాన్ని ఊరు రానివ్వదు. ఊళ్ళోకి తిరిగి వెళ్ళగలగడం కూడా స్వస్థతేనని ఆ క్రైస్తవ ఆసుపత్రి నమ్మింది. చేతులు బాగైనా పని దొరక్క రోగులు దెబ్బతింటుంటే, వాళ్ళు ఉండి పని నేర్చుకోవడానికి నవజీవ నిలయం కట్టారు. ఆ కనుబొమ్మలను సృష్టికర్తపై తిరుగుబాటు అని మన తాతల సంఘాలు అనలేదు. కానుకలు పంపాయి.

మంచి సమరయుని కథ మనం ఏటా ప్రసంగిస్తాం. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోయడం దాకా చెప్పి ఆపేస్తాం. కథలో మిగతా సగం పూటకూళ్ల ఇల్లు. అతడు రాత్రంతా దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు. అంటే కోలుకునే ఖర్చు తన లెక్కలో వేసుకున్నాడు. ఆ దారిన ఒంటరిగా ఎందుకు వెళ్ళావని మాత్రం ఒక్క మాట అడగలేదు. ఆ ప్రశ్న అడగడానికి మేము ముగ్గురం మూడు అంతస్తులు ఎక్కాం.

ట్రాన్స్ వ్యక్తులకు మందిరంలో చోటు ఉందా అని ఇంకా అడిగేవారు వాక్యాన్ని వరుసగా చదవాలి. ద్వితీయోపదేశకాండం 23లో మూసిన తలుపును యెషయా 56లో దేవుడే తెరిచాడు. కుమారుల, కుమార్తెల పేరు కంటే మంచి పేరు నపుంసకులకు వాగ్దానం చేశాడు. అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు తన బాప్తిస్మానికి అడ్డేమిటని అడిగితే, ఫిలిప్పుకు అడ్డేమీ కనబడలేదు. ముందు నీ శరీరం సంగతి తేల్చు అనలేదు. ఇద్దరూ నీళ్ళలోకి దిగారు.

మేము చేస్తున్నది, మిమ్మల్ని అడుగుతున్నది

మా సహవాసంలో ఇప్పుడు ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాం. ఆపరేషన్ ఏదైనా, మనిషి ఎవరైనా, ఆరు వారాలు వంతులు వేసుకుంటాం. నీళ్ళు ఒకరు, వంట ఒకరు, కట్టు మార్పించడానికి తోడు ఒకరు. కానుకల్లో నుంచి కొంత తీసి కూలి పోయిన వారాలకు ఇస్తున్నాం. సరిపోదు, అయినా ఇస్తున్నాం. ఆపరేషన్‌కు ముందే తెలుగు చదివి చెప్పగల ఒకరు రోగితో ఆసుపత్రికి వెళ్తారు. పైన రాసిన ఐదు ప్రశ్నలూ అడుగుతారు. ఆ జవాబులు విన్నాక ఒక అక్క తన ఆపరేషన్ వాయిదా వేసుకుంది. ఆమెను ఆపింది ప్రసంగం కాదు, సమాచారం.

ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. విక్టోరియాలాంటి పెద్దాసుపత్రుల్లో ట్రాన్స్ వ్యక్తుల చికిత్సకు ఒక రోజు, ఒక గది, కన్నడతో పాటు తెలుగు, తమిళం, ఉర్దూ తెలిసిన ఒక మనిషి కావాలి. ప్రతి ఇంప్లాంట్‌కూ రోగి చేతికి కార్డు ఇవ్వని ఆసుపత్రి మీద చర్య ఉండాలి. అంగీకార పత్రం రోగి భాషలో ఉండాలి. బీమా కార్డు కాగితంగా కాక వైద్యంగా అందాలి.

సంఘాలను అడుగుతున్నాం. వచ్చే పెద్దల కూటంలో ఒక్క అంశం పెట్టండి: మన విశ్వాసుల్లో ఎవరైనా ఆపరేషన్ అయి ఇంటికి వస్తే మొదటి ఆరు వారాలు మనం ఏం చేస్తాం? జాబితా రాయండి. పేర్లు వేయండి. ఆ జాబితాలో మీకు నచ్చని మనిషి పేరు కూడా ఉండనివ్వండి.

మా చెల్లి ఇప్పుడు మందిరానికి వస్తోంది. రెండో వరుసలో కూర్చుంటోంది. వదులు చుడీదార్ వేసుకుని, ఎడమవైపు పైట సర్దుకుంటూ ఉంటుంది. గత ఆదివారం ఒక పెద్దాయన మా దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, ఆ అమ్మాయి చేసింది తప్పా కాదా, మీరు పుల్పిట్ మీద నుంచి తేల్చి చెప్పాలి" అన్నారు. ఈ వారం ఆమె గదికి నీళ్ళు మోసే వంతు ఆయనది అని చెప్పాం. శుక్రవారం ఆయన వెళ్ళారు.